దుమ్ము దాచిన ఇల్లు

పెట్టె గడపలో ఇరుక్కుంది.

ముందుకు పోదు, వెనక్కి రాదు. వీధిలో నిలబడి ఓబుళాచారి ఒక మూల భుజం పెట్టాడు, ఇక్బాల్ ఇంకో మూల పెట్టాడు. ఇద్దరూ కలిసి తోస్తే ద్వారబంధం కిర్రుమందే తప్ప పెట్టె అంగుళం కదల్లేదు. పొద్దున ఏడింటికి మొదలైన ఈ తంతు తొమ్మిదైనా తెమల్లేదు.

లోపల ఈశ్వరమ్మ ఉంది. ఆ ఇంటికి వీధిలోకి ఉన్నది ఆ ఒక్క తలుపే, వెనక పెరడు చుట్టూ ఎత్తు గోడే. కట్టించినవాడు ఓబుళాచారి తాత. బంగారం పని జరిగే ఇంటికి రెండో తలుపు ఎందుకని ఆయన పెట్టించలేదు. ఈరోజు మనవడు ఆ ఒక్క దారినీ మూసేసి, పెళ్ళాన్ని లోపల పెట్టి, తను వీధిలో చెమటలు కారుస్తున్నాడు.

"కొలతలు తీసుకున్యాం కదరా ఇక్బాలూ!"

"పెట్టెకు తీసుకున్యావు మామా. వాకిలికి తీసుకున్యావా?"

గురిగింజ ఎత్తు బంగారంలో తేడా పట్టే ఓబుళాచారి, నలభై ఎనిమిదేళ్ళుగా తను దాటుతున్న గడప వెడల్పు మరిచిపోయాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని చూస్తున్నారు. వాళ్ళకూ వేరే పని లేదు. ప్రొద్దుటూరు కంసాలి వీధిలో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

బంగారు చట్టం వచ్చి రెండేళ్ళు నిండాయి. మేలిమితో కొత్త నగ చెయ్యరాదన్నాక ఆ వీధిలో సుత్తుల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. కొందరు నూనె మిల్లులకు పోయారు, కొందరు గుడ్డల అంగళ్ళలో తానులు విప్పడానికి పోయారు. ఓబుళాచారి ఇసుక పట్టుకున్నాడు.

ఏడాదిన్నర కింద కిరసనాయిలు డబ్బాలు కోసి, అతికి, తనే ఒక చిన్న పెట్టె చేసుకున్నాడు. పక్కనే ఇక్బాల్ పంచరు అంగడి. అక్కడి గాలి మిషను నుంచి నడి గోడకు తూటు పొడిచి రబ్బరు గొట్టం లాక్కున్నాడు. పెట్టె లోపల గాలి ఇసుకను విసిరి కొడుతుంది. ఆ దెబ్బకు తుప్పు, మసి, పాత రంగు అన్నీ రాలిపోయి ఇనుము తెల్లగా బయటపడుతుంది. బస్సుల స్పార్కు ప్లగ్గులు, కుట్టు మిషను ముక్కలు, తాళాలు ఆ చిన్న పెట్టెలో బాగయ్యేవి. అంతకన్నా పెద్దవి పట్టేవి కావు. పైగా దాని అద్దం ఇసుక దెబ్బలకు గుడ్డిదైపోయింది.

అందుకని ఈ పెద్ద పెట్టె. సింహాద్రిపురం ఆదినారాయణరెడ్డి తోట బావిలో నీళ్ళు పొంగి ఆయిలింజను వారం పాటు మునిగిపోయింది. దాని ముక్కలన్నీ గోనె సంచుల్లో వచ్చి ఈ ఇంట్లో పడి ఉన్నాయి. శుక్రవారానికి శుభ్రం చేసి ఇస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఇంజన్లన్నీ నీ ఇంటికే పంపిస్తానని రెడ్డి మాట ఇచ్చాడు. ఓబుళాచారి ఆ మాట మీదనే ఈ వారం రోజులూ అన్నం తింటున్నాడు.

ఈశ్వరమ్మ మాత్రం సరిగ్గా తినడం లేదు. మాట్లాడడం కూడా లేదు. పెద్ద పెట్టెకు చోటు కోసం ముందుగదిలోంచి కుంపటి పెకలించి పెరట్లో పెట్టిన నాటి నుంచి, అంటే మూడు రోజులుగా, ఆమె నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పింది. లోపలి నుంచి ఏదో అంటోంది. పెట్టె అడ్డం ఉండి ఏమిటో తెలియడం లేదు.

"ఏందీ? గట్టిగా చెప్పు!" అని ఓబుళాచారి అరిచాడు.

మళ్ళీ అదే గొణుగుడు. గట్టిగా చెప్పలేదు.

"నువ్వుండు మామా. వెనక తూటు ఉండాది కదా, దాంట్లోంచి వినపడతాది" అని ఇక్బాల్ వంగాడు.

పెట్టె వెనక పలకకు అతను స్వయంగా కోసిన తూటు అది, జానెడు వెడల్పు. దానికో రేకు గొట్టం తగిలించి, గొట్టం కొసన ఫ్యాను పెట్టి, లోపలి దుమ్మును కప్పు మీదికి పంపాలని అతని ఆలోచన. మద్రాసులో తయారైన పెట్టెలకు అలాగే ఉంటుందని కడపలో ఒక మోటారు షెడ్డులో చూసి వచ్చాడు. మద్రాసు పెట్టె ధర ఓబుళాచారి ఒకసారి అడిగాడు, రెండోసారి అడగలేదు. సరే, అయితే మనమే చేసుకుందాం, కానీ దుమ్ముకు దారి మాత్రం మద్రాసు పెట్టెకు ఉన్నట్టే ఉండాలని ఇక్బాల్ ఒప్పించాడు. టీ పెట్టెల పలకలు, లోపల రేకు, పాత బస్సు అద్దం, చేతులు దూర్చడానికి లారీ ట్యూబు ముక్కలు. అన్నీ అతని అంగడిలోనే కుదిరాయి.

వంగిన ఇక్బాల్‌కు తూటు కనపడలేదు. అది ఉన్న చోట పాత చీర మడతలు కుక్కి, పైన పలక పెట్టి, నాలుగు మేకులు కొట్టి ఉంది.

"మామా, ఇదెవరు కొట్టింది?"

ఓబుళాచారి భుజం మీది తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. "నేనే."

"ఎందుకు?"

"దుమ్ము బయటికి పోతాది కదరా."

"పోవాలనే కదా తూటు పెట్టింది!"

"నీకు తెల్దులే."

ఇక్బాల్‌కు నిజంగానే తెలియదు. కంసాలి ఇంట్లో దుమ్ము గడప దాటకూడదు. ఆకురాయితో బంగారం అరగదీస్తున్నప్పుడు తలుపు మూయాలి, కిటికీ మూయాలి, నడివేసవిలోనైనా విసనకర్ర ఊపకూడదు. సాయంత్రం మెత్తటి కుంచెతో నేలంతా ఊడ్చి, ఆ ఊడుపును కుండలో పోసి ఉంచాలి. ఏడాదికోసారి కడిగితే అడుగున బంగారు రజను మెరుస్తుంది. కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా తొట్టిలో పట్టి పెట్టిన ఇల్లు అది. ఓబుళాచారికి ఇది తాత నేర్పాడు. ఈశ్వరమ్మకు అత్త నేర్పింది.

బంగారం పోయి ఇసుక వచ్చింది. చేతులు మాత్రం పాతవే. ఏడాదిన్నరగా ఆ గదిలో తలుపూ కిటికీలూ మూసుకునే ఇసుక కొట్టారు. పెన్నేటి ఇసుక ఈశ్వరమ్మే కడుగుతుంది, ఎండబెడుతుంది, జల్లిస్తుంది. పని అయ్యాక గదిలో పరుచుకున్న పొడిని కుంచెతో ఊడ్చి మళ్ళీ జల్లిస్తుంది. గరుకుది పెట్టెలోకి పోతుంది. పిండిలాంటిది కుండల్లోకి పోతుంది. గోడ వారగా అలాంటి కుండలు ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి. అవి ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. పారెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

ఇక్బాల్ పటకారు తెచ్చి మేకులు పీకాడు. చీర మడతలు లాగేశాడు.

తూటులోంచి మొదట దగ్గు వినపడింది. పొడి దగ్గు, ఆగకుండా. ఇద్దరూ అది ఆగేదాకా నిలబడ్డారు.

"ఇంట్లోకి వద్దు. దాన్ని బయటే పెట్టండి" అంది ఈశ్వరమ్మ. అంతసేపూ అన్నది ఆ రెండు ముక్కలే.

"నా అంగడి పంచలో పెడదాం మామా. ఆడ గాలి ఆడతాది" అన్నాడు ఇక్బాల్ వెంటనే.

"పంచలో కూచోని, వీధిలో పొయ్యే ప్రతివాడూ చూస్తాంటే, ఇనుము తోముకోల్నా నేను?"

"చూస్తే ఏమి?" అంది తూటులోంచి ఆమె.

"నీకేం తెల్సు! ఈ చేతులు చేసిన కాసులపేర్లు జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎన్ని మెడల్లో ఉండాయో!"

ఓబుళాచారి వంగి తూటులోంచి చూశాడు. పెట్టె అవతలి వైపు బస్సు అద్దం, దాని వెనక భార్య మొహం. బుగ్గలు పీక్కుపోయాయి. కళ్ళ కింద నల్లగా ఉంది. ఈ మనిషిని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు. ఆ గుర్తు రాకపోవడం ఆయనకు నచ్చలేదు. నచ్చనిదాన్ని పక్కకు నెట్టడం మొగవాడికి ఎంతసేపు?

"గడ్డపార తీసుకురా. ద్వారబంధం పీకుదాం" అన్నాడు.

*

మధ్యాహ్నానికి పెట్టె లోపలికి వచ్చింది. తాత పెట్టించిన ద్వారబంధం, తలుపులు వీధి గోడకు ఆనించి ఉన్నాయి. గడప ఉన్న చోట మట్టిపెళ్ళలు, ఇటుక ముక్కలు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఓబుళాచారి తన పనిగదిలో కూర్చుని వీధిని చూశాడు.

కుంపటి ఉండిన చోటనే పెట్టెను నిలిపారు. కాళ్ళ కింద రాళ్ళు పెట్టి మట్టం సరిచేశారు. లోపలి అడుగు గరాటులా ఏటవాలుగా ఉంది. కొట్టిన ఇసుక జారి కింద బకెట్లో పడుతుంది, బకెట్లోంచి గొట్టం మళ్ళీ దాన్ని ఇసుక చిమ్మే గన్నుకు అందిస్తుంది. లారీ ట్యూబు ముక్కల్ని తూట్లకు కట్టి, కొసలకు తోలు చేతొడుగులు కుట్టారు. లోపల ఒక బల్బు వేలాడదీశారు.

"ఇంక ఫ్యాను ఒగటే" అన్నాడు ఇక్బాల్. "ఎల్లుండి బస్సుకు కడప నుంచి వస్తాది. అది వచ్చేదాకా మొదలుపెట్టొద్దు మామా."

"ఎల్లుండి శుక్రవారం. రెడ్డి మనిషి రహమాన్ బండి కట్టుకోని వస్తాడు. వట్టి చేతులు చూపియ్యల్నా?"

"అట్లయితే తూటు మాత్రం మూయొద్దు. ఇసుక కూడా మార్చమని చెప్తానే ఉండా. ఇసుక పగిలి పిండైతాది. కురువిందం రాతి పొడి పగలదు, దుమ్ము తక్కువ."

"పెన్నేటి ఇసుక ఊరికే వస్తాది. మా ఈశ్వరి జల్లిస్తే రవ్వకు రవ్వ సమానంగా ఉంటాది."

ఇక్బాల్ మిషను వెయ్యడానికి తన అంగడికి పోయాడు. కాసేపటికి గోడ అవతల దడదడ మొదలైంది. గొట్టం బిగుసుకుంది.

ఓబుళాచారి చేతులు దూర్చాడు. తుప్పు పట్టిన వాల్వు ఒకటి ఎడమ చేత్తో పట్టుకుని, గన్ను జానెడు దూరంలో ఏటవాలుగా ఉంచి నొక్కాడు. ఒకే చోట ఆపితే ఇనుము గుంట పడుతుంది. అందుకని చెయ్యి నింపాదిగా జరుపుతూ పోయాడు. ఆ జరపడం ఎవరూ నేర్పనక్కర లేదు. ముప్పై ఏళ్ళు ఊదుగొట్టంతో మంటను నగ చుట్టూ జరిపిన చెయ్యి అది. ఎర్రటి తుప్పు కింద తెల్లటి ఇనుము వెడల్పవుతూ వచ్చింది.

వాల్వు బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఆయనకు ఏడుపు వచ్చినంత పనయింది. ఈ పెట్టె ఉంటే తను ఇంకా పనివాడే.

"ఈశ్వరీ! జల్లించిన ఇసుక తీసుకురా!"

జవాబు లేదు.

"ఈశ్వరీ!"

వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యి చల్లగా ఉంది. మీద ఎసరు గిన్నె అలాగే ఉంది. మనిషి లేదు.

అప్పుడే ఆమె వీధిలోంచి వచ్చింది. చేతిలో కుండ పెంకు, పెంకులో ఎర్రటి నిప్పులు. వెనకనే ఇక్బాల్ తల్లి ఖాజాబీ. ఇద్దరూ గడప లేని గడప దాటి లోపలికి వచ్చారు.

"నిప్పులు ఎందుకు? అగ్గిపెట్టె లేదా ఇంట్లో?" అన్నాడు ఓబుళాచారి.

ఈశ్వరమ్మ వంటింటి వైపు పోయింది.

"అగ్గిపెట్టె ఉంది అయ్యగారూ. ఊపిరే లేదు" అంది ఖాజాబీ.

"ఏంది?"

"అక్కా, వద్దు" అంది లోపలి నుంచి ఈశ్వరమ్మ.

"వద్దు వద్దంటే మూణ్ణెల్లు నోరు మూసుకున్యా. ఈ పొద్దు ఈ పెట్టె సైజు చూసినాక ఇంక నా చేత కాదు." ఖాజాబీ కొంగు బిగించుకుని ఓబుళాచారికి ఎదురుగా నిలబడింది. ఆమె ఎప్పుడూ ఆయన ముందు అలా నిలబడలేదు. "మూణ్ణెల్ల నుంచి నీ పెండ్లాం పొయ్యి ఊదలేదు. ఊదలేక. పచ్చి కట్టె రాజుకోకపోతే నా ఇంటికొచ్చి మండే నిప్పులు తీస్కపోతాంది. నీకు టయానికి అన్నం వస్తాంది కదా, ఎట్ల వస్తాందో నువ్వు చూసుకోలే."

"దగ్గు ఉంది. లేహ్యం తెచ్చిచ్చినా కదా."

"లేహ్యమా!" ఖాజాబీ నవ్వింది. అందులో నవ్వు లేదు. "ఇక్బాల్ నాయిన ఎట్ల పోయినాడో నీకు తెల్సునా? పులివెందుల కాడ ముగ్గురాయి గనిలో రాతికి బెజ్జాలు కొట్టే పని. ఎనిమిదేండ్లు కొట్టినాడు. ముందు దగ్గు. తర్వాత మెట్టెక్కితే ఆయాసం. తర్వాత ఇంతే, పొయ్యి ఊదలేడు, బీడీ పీల్చలేడు. క్షయ అనుకోని మేకపాలు తాపినాం, గుడ్లు తినిపించినాం. క్షయ కాదు. రాతి దుమ్ము. లోపల ఊపిరితిత్తుల్లో రాయి పేరుకున్నాదంట. ఆ దగ్గు నాకు తెల్దా? ఈ గోడకు ఆ పక్క పడుకోని వింటాండా."

గోడ అవతల మిషను ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఓబుళాచారి చేతిలో వాల్వు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

"గని వేరు. ఇది ఇసుక" అన్నాడు.

"జమ్మలమడుగు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే పటం తీసి చూసినారు."

"ఎవరికి?"

"చెల్లెలింటికి పోతాండా అని నీకు చెప్పి వచ్చింది చూడు కార్తీకంలో. నేనూ తోడు పోతి. చెల్లెలింటికి కాదు. ఆసుపత్రికి."

ఓబుళాచారి వంటింటి వైపు చూశాడు. ఈశ్వరమ్మ పొయ్యి ముందు కూర్చుని నిప్పుల మీద పుల్లలు పేరుస్తోంది. విసనకర్ర తీసుకుని నెమ్మదిగా ఊపుతోంది. ఆ ఇంట్లో ఎన్నడూ ఊపని విసనకర్ర.

"డాక్టరమ్మ అడిగింది, నువ్వు రాళ్ళు కొడతావా అని" ఖాజాబీ చెప్పుకుపోతోంది. "లేదనింది. తిరగలి రాళ్ళకు గాట్లు పెడతావా అనింది. లేదనింది. మరేం పని చేస్తావమ్మా అంటే నీ పెండ్లాం ఏం చెప్పిందో తెల్సా అయ్యగారూ? నేనేం పనీ చెయ్యను, ఇంట్లోనే ఉంటా అనింది. ఆ తల్లి నమ్మలేదు. నేనే చెప్పినా. ఇసుక జల్లిస్తాది, దుమ్ము కుంచెతో ఊడుస్తాది, వాకిండ్లు మూసుకోని అని."

"ఏమనింది డాక్టరమ్మ?"

"పోయిన ఊపిరి తిరిగి రాదనింది. ఉన్నదన్నా కాపాడుకోవాలంటే ఇంక ఆ దుమ్ములో ఒక్క దినం ఉండరాదనింది. ఈమె వచ్చి ఆ మర్నాడే జల్లెడ పట్టింది."

ఖాజాబీ కళ్ళు తుడుచుకుంది. చెప్పవలసింది అయిపోయింది. గోడ దగ్గరికి పోయి అవతలికి వినపడేట్టు అరిచింది. "ఆపు నాయనా, ఆ మిషను!"

దడదడ ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఈశ్వరమ్మ ఊపిరి వినపడింది. పీల్చేటప్పుడు సన్నగా ఈల వేస్తోంది. ఇన్నాళ్ళూ మిషను చప్పుడులో అది కలిసిపోయింది.

*

ఖాజాబీ పోయింది. మొగుడూ పెళ్ళాలు మిగిలారు.

ఓబుళాచారి వచ్చి వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎసరు మరిగింది. ఆమె బియ్యం పోసింది.

"నాకు ఎందుకు చెప్పలే?"

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

"నిన్నే అడుగుతాండా ఈశ్వరీ. మూణ్ణెల్లు! తెలిసి తెలిసి ఎట్ల కూచున్యావు ఆ జల్లెడ ముందర?"

"చెప్తే ఏం చేస్తాంటివి?"

"పెట్టె పగలగొడతాంటి!"

"అదే" అంది ఆమె. "పగలగొట్టి, మళ్ళీ కుంపటి ముందర కూచోని ఆ గూడు తట్టు చూస్తా కూచుంటావు."

ఓబుళాచారి తల వాల్చాడు.

పనిగదిలో కుంపటి ఉండిన చోటికి పైన గోడకు ఒక గూడు ఉంది. అందులో బంగారానికి మెరుగు పెట్టే ద్రావకం సీసా. చట్టం వచ్చిన ఏడు, ఎదురింటి సుబ్బరాయాచారి తన గూట్లో సీసా ఎత్తి తాగేశాడు. ఆ మాట ఆ వీధిలో ఎవరూ పైకి అనరు.

"సుబ్బరాయన్నను మోసుకపోయిన దినం నుంచి నువ్వు ఆ సీసా తట్టే చూస్తాంటివి. నాకు తెల్దనుకున్యావు. నేను ఈ పొయ్యి కాడ్నుంచి నిన్నే చూస్తాంటి. ఆర్నెల్లు నీళ్ళకు కూడా నిన్నిడిచి పోలే. ఆ చిన్న పెట్టె చేసుకున్న్యాక నువ్వు ఆ పక్క చూడ్డం మానేస్తివి. ఒకనాడు ఇసుక కొడతా కొడతా పదం కూడా పాడితివి. నేను ఈడ కూచోని ఏడ్చినా, సంతోషంతో." ఆమెకు ఊపిరి అందలేదు. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "పిల్లలు లేరు. నాకుండేది నువ్వొక్కనివి. నా దగ్గుదేముంది అనుకున్యా."

ఓబుళాచారి లేచాడు. పనిగదిలోకి పోయి గూట్లోంచి సీసా తీశాడు. పెరట్లో ఒలకబోయబోతే వెనకనుంచి ఆమె మాట వినపడింది.

"అదేం చెయ్యదులే. అవి నీళ్ళు. సుబ్బరాయన్న పోయిన దినమే మార్చిపెట్టినా."

సీసా చేతిలో ఉండగానే ఆయన పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. తాత దగ్గర నేర్చుకున్న విద్యంతా, కంటితో చూసి మేలిమి కల్తీ పట్టే విద్యంతా, ఏమైంది? ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని రెండేళ్ళు చూడలేకపోయాడు. ఆమె తనను పోగొట్టుకోకూడదని ఇసుక పీల్చింది. తను ఆమె చేత ఇసుక జల్లింపించి, రవ్వకు రవ్వ సమానంగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

పక్కనే, పెరటి మూల, మూడు రోజుల కింద తను తెచ్చి పడేసిన కుంపటి. దాని మీద ప్రమిద, ఇత్తడి ఊదుగొట్టం.

ఆ ఊదుగొట్టం చూస్తే ఆయనకు కొత్త కాపురం గుర్తొచ్చింది. రెండు చేతులా నగ పట్టుకోవలసి వచ్చినప్పుడు, ఊదుగొట్టం ఈశ్వరి నోట పెట్టుకునేది. పదహారేళ్ళ పిల్ల. బుగ్గలు నింపుకుని ఊదితే మంట సూదిమొనలా సాగి, అతుకు మీద కదలకుండా నిలిచేది. తనకే ఆయాసం వచ్చేది గానీ ఆమెకు వచ్చేది కాదు. ఆ ఊపిరి ఎక్కడికి పోతుంది? డాక్టర్లు మనిషిని చూసి చెప్తారా, పటం చూసి చెప్తారు. ఖాజాబీ తన మొగుణ్ణి తలుచుకుని భయపడింది. అంతే అయి ఉంటుంది.

ప్రమిద, ఊదుగొట్టం తీసుకుని లేచాడు.

"ఇట్ల రా ఈశ్వరీ."

"అన్నం మాడతాది."

"మాడనీ. రా."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ పనిగదిలోకి వచ్చింది. కొత్త పెట్టె పక్కన నేల మీద పీట వేసి కూర్చోబెట్టాడు. ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి వెలిగించాడు. పట్టపగలు వెలిగించిన ఆ దీపాన్ని చూసి ఆమె ఏమిటన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"ఊదు."

"ఎందుకయ్యా ఇది?"

"ఊదు ఈశ్వరీ. ఒగసారి. నాకోసం."

ఊదుగొట్టం చేతికిచ్చాడు. ఆమె దాన్ని కాసేపు వేళ్ళతో తడిమింది. ముప్పై ఏళ్ళ నాటి పంటి గాట్లు కొసన ఇంకా ఉన్నాయి. నోట పెట్టుకుంది. కొస మంటకు దగ్గరగా చేర్చింది. ఆయన దీపం అవతల మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి మంటనే చూస్తున్నాడు.

మంట కదిలింది.

నిలువుగా ఉన్నది కాస్తా పక్కకు వాలింది. ఇంకా వాలింది. సన్నగా సాగింది, అచ్చం ఆనాటిలాగే.

"చూడు! చూసినావా!" ఓబుళాచారి రెండు చేతులా ఆమె మోకాళ్ళు పట్టుకున్నాడు. "ఏం కాలే ఈశ్వరీ! నీ ఊపిరి ఉంది! నేను చెప్పలే! పెట్టెను వీధిలోనే పెట్టుకుందాం, ఎవరన్నా నవ్వనీ, కుండలన్నీ పెన్నేట్లో కలుపుదాం. నువ్వు జల్లెడ ముట్టుకోవద్దు. ఏం కాలేదు నీకు!"

తలుపు లేని వాకిట్లోంచి వీధి గాలి లోపలికి వస్తోంది. గోడ వారన కుండల మీద గుడ్డలు మెల్లగా కదులుతున్నాయి.

ఈశ్వరమ్మ నోట్లోంచి ఊదుగొట్టం తీసింది. ఆయన తల మీద చెయ్యి వేసింది.

"నేనింకా ఊదలేదయ్యా" అంది.